చివరి చెట్టు దగ్గర తడి

దేవుడు అన్నీ చూస్తాడని చిన్నప్పటి నుంచి నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. కానీ ముప్ఫై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి ఒక సందేహం మాత్రం నన్ను వదల్లేదు. అన్నీ చూసినవాడు సాక్ష్యం చెప్పడానికి ఎందుకు రాడు? రోజూ పొద్దున దణ్ణం పెట్టుకునేటప్పుడు అడుగుతూనే ఉంటాను. జవాబు రాదు, వంటింట్లోంచి కాఫీ వస్తుంది. తాగేసి ఊరుకుంటాను.

ఆ రోజు పదిన్నరకు తోటమాలి భార్య మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. ఏడవడం లేదు. పరిగెత్తుకు రావడంతో మాట కూడదీసుకోలేకపోతోంది.

"హెడ్డుగారూ, మా ఆయన్ని పట్టుకుపోయారు. ఒంటిగంట బండిలో పట్నం జైలుకు పంపుతారంట. ఒకసారి ఆ గేటు దాటితే మాలాంటివాళ్ళని మళ్ళీ ఎవరు బయటికి తెస్తారు?"

"ఎవరు పంపుతున్నారు?"

"ఇంకెవరు, మీ బావమరిదిగారే."

మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసింది. "వాడు నా తమ్ముడే గాని ఆ తొందరపాటు మాత్రం మా పుట్టింటిది కాదు. ఉద్యోగంతో వచ్చింది. మీరు బయల్దేరండి," అంది.

నేను రిటైరైన హెడ్ కానిస్టేబుల్ని. చదువు అంతంతమాత్రం. అయినా ఊళ్ళో ఎవరికైనా పోలీసులతో చిక్కొస్తే ముందు మా గుమ్మమే తొక్కుతారు. మా బావమరిది ఇక్కడ ఇన్‌స్పెక్టరు. ఈ రెండూ కలిసి మా ఇంట్లో పండక్కి కూడా ప్రశాంతత లేకుండా చేశాయి.

జరిగింది ఇదీ. ఊరి చివర పెద్ద టీచరమ్మ ఇల్లుంది. ఇల్లంటే నాలుగు గదులే. స్థలం మాత్రం రెండెకరాలు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు, బడి నడిపింది, రిటైరయ్యాక చెట్లు పెంచుకుంటూ ఒంటరిగా ఉంటోంది. ఆ పొద్దున తొమ్మిది దాటాక స్టోరు గది గడప దగ్గర తలకు దెబ్బ తగిలి స్పృహ లేకుండా కనిపించింది. చూసింది ఆవిడ మేనల్లుడు, పట్నం నుంచి తొమ్మిది గంటల బస్సులో దిగాడట. ఆవిడ పక్కన తోటమాలి తువ్వాలు పడి ఉంది. పదింటికల్లా తోటమాలి లాకప్పులో ఉన్నాడు.

నేను గేటు దగ్గరికి చేరేసరికి పదకొండుకు ఐదు నిమిషాలు. గేటు ముందు రోడ్డు మీద అప్పుడే నరికిన పెద్ద కొమ్మ ఒకటి అడ్డంగా ఉంది. దాన్ని దాటి లోపలికి వెళ్ళాను.

మా బావమరిది వసారాలో కుర్చీ వేసుకుని ఏదో రాసుకుంటున్నాడు. నన్ను చూసి కలం మూత పెట్టాడు.

"వచ్చారా? ఇంకా రాలేదేమా అనుకుంటున్నాను. బావగారూ, రిటైరైనవాళ్ళు మనవలకు కథలు చెప్పుకోవాలి. కేసుల్లో వేలు పెట్టకూడదు."

"మనవడు నిద్రపోతున్నాడోయ్. నువ్వు చెప్పు కథ, నేను వింటాను."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగాడు. మా వాడి మొహం ఎర్రబడింది. కానీ లెక్క ఒప్పజెప్పడం వాడికి సరదా.

"వినండి. మోటారు గది దగ్గర నుంచి వెనక కంచెదాకా ఒకే వరుసలో పదిహేను చెట్లు. మొదటి ఆరు పాదులూ తడిగా ఉన్నాయి, గొట్టం ఆరో పాదులో ఉంది. పాదు నిండడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది, నేనే మోటారు వేయించి చూశాను. ఆరెనిమిదులు నలభై ఎనిమిది. పక్కింటి గడియారాలాయన ఏడు దాటగానే మోటారు చప్పుడు విన్నాడు. ఏడూ యాభైకి ఆగింది. మధ్యలో కంచె మీంచి చూస్తే గడ్డి టోపీ పెట్టుకుని వీడు నీళ్ళు పెడుతున్నాడు. దెబ్బ తగిలింది ఏడు ప్రాంతంలో అని డాక్టరు అన్నాడు. వీణ్ణి అడిగితే, ఆరున్నరకే కడుపునొప్పి వచ్చి ఇంటికి పోయానంటాడు. సాక్షి ఎవరయ్యా అంటే పెళ్ళాం."

"పెళ్ళాం సాక్ష్యం చెల్లదా?"

"మా అక్క మీ గురించి చెప్పే సాక్ష్యం వింటే మీరే ఒప్పుకోరు."

"వెనక చివరిదాకా వెళ్ళి చూశావా?"

"చివర ఏముంటుంది? చెట్లు."

"అంటే చూడలేదు."

"రెండెకరాలు బావగారూ! అక్కడ చూడాల్సిందేమిటి? దెబ్బ ఇక్కడ తగిలింది, తువ్వాలు ఇక్కడ దొరికింది."

నేను స్టోరు గది చూశాను. రాతి గడప మీద ఎండిన రక్తపు మరక. లోపల పారలు, గంపలు, కొక్కేనికి టోపీ. పెనుగులాట జరిగిన గుర్తులేమీ లేవు. ఎవరైనా బలంగా ఒక్క తోపు తోస్తే ఒంట్లో సత్తువ లేని మనిషి వెనక్కి పడి తల ఆ గడపకు కొట్టుకుంటుంది. అంతే, ఒక్క క్షణం పని. చెయ్యాలనుకుని చేసిందో, కోపంలో జరిగిందో చెప్పడం కష్టం.

మేనల్లుడు ముందు గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నలభై ఏళ్ళుంటాయి. చొక్కా నలగలేదు గాని మనిషి మాత్రం బాగా నలిగి ఉన్నాడు.

"కూర్చోండి బాబూ," అన్నాను.

"కూర్చోలేనండీ. అత్తయ్య అక్కడ అలా ఉంటే నేనెలా కూర్చోను?"

"మీరు దిగేసరికి ఎంతయింది?"

"తొమ్మిది. టిక్కెట్టు ఇన్‌స్పెక్టరుగారికి ఇచ్చాను."

"ఆయన అడిగారా?"

"అడక్కపోయినా ఇచ్చాను. దాచుకోవడానికి ఏముంది?"

"ఏం లేదు. నేనైతే బస్సు దిగుతూనే పారేస్తాను, అందుకని అడిగాను. ఈరోజే రావడానికి పనేమిటి?"

"వెనక సగం స్థలం బడికి ఆటస్థలంగా రాసిస్తానంది అత్తయ్య. పదకొండింటికి రిజిస్ట్రేషను. తోడుగా ఉందామని వచ్చాను."

"మీకు ఇష్టమేనా?"

"ఆవిడ ఆస్తి, ఆవిడ ఇష్టం."

బడిపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు ఆ మాట.

"మరి తోటమాలికి ఆవిడ మీద పగ ఏమిటంటారు?"

"స్థలం బడికి పోతే వాడికి పనేం మిగుల్తుందండీ? అడిగుంటాడు, ఆవిడ కసిరుంటుంది. చేసిందంతా చేసి, ఏమీ ఎరగనట్టు చెట్లకు నీళ్ళు పెట్టుకున్నాడు చూశారా, అదీ వాడి గుండె. కరెంటు పోయి మోటారు ఆగితే గాని కదల్లేదు." గడియారం చూసుకున్నాడు. "నేను ఆస్పత్రికి వెళ్ళాలి. ఆవిడకి నేను తప్ప ఎవరున్నారు?"

వెళ్ళిపోయాడు. నేనూ ఆపలేదు. అతను అన్న మాటల్లో ఒకటి నా చెవిన పడింది గాని మనసున పడలేదు. ఆ తప్పు నాదే. ముసలితనం అని సర్దిచెప్పుకోవడానికి కూడా లేదు, వయసులో ఉన్నప్పుడూ ఇలాగే చేసేవాణ్ణి.

గేటు బయట తోటమాలి భార్య నిలబడి ఉంది. కానిస్టేబుల్ లోపలికి రానివ్వలేదు.

"అమ్మా, ఒక్క మాట. మీ ఆయన చెట్లకు నీళ్ళు పెట్టేటప్పుడు ఎక్కడ మొదలుపెడతాడు?"

"ఇదేం ప్రశ్న హెడ్డుగారూ? చివరి చెట్టు దగ్గర."

"మోటారు పక్కనున్న చెట్టు వదిలేసి అంత దూరం ఎందుకు?"

"నీళ్ళున్న గొట్టం బరువు కదా. ఖాళీగా ఉన్నప్పుడే చివరిదాకా పరిచేసి, ఒక్కో పాదూ నింపుకుంటూ, గొట్టం చుట్టుకుంటూ వెనక్కి వస్తారు. ఇటు నుంచి అటు ఈడ్చుకుపోతే పక్కన వేసిన నారంతా చస్తుంది. కొత్తవాళ్ళు అలా చేస్తే మా ఆయన తిట్టని తిట్టు ఉండదు."

 వెంటనే లోపలికి నడిచాను. మా బావమరిది "మళ్ళీ ఎక్కడికి?" అంటున్నా వినిపించుకోలేదు.

మొదటి ఆరు పాదులూ చూశాను. గొట్టం చెట్టు మొదలు మీదే పెట్టి వదిలేసినట్టున్నారు, బెరడు మీద మోకాలెత్తున బురద చిమ్మి ఉంది. పాదుల గట్లు రెండుచోట్ల తెగి నీళ్ళు దారిలోకి పోయాయి. వరుస పక్కనే పూల నారు. ఆ నారు మీద, వెనక నుంచి మోటారు వైపు, గొట్టం ఈడ్చిన చార. జానెడు వెడల్పున మొక్కలన్నీ నేలకు అంటుకుపోయాయి.

ఏడో చెట్టు పాదు పొడిగా ఉంది. ఎనిమిది, తొమ్మిది, పది. మట్టి నోరు తెరుచుకుని ఉంది. పదకొండు, పన్నెండు, పొడి. నా అడుగు వేగం పెరిగింది. పదమూడో చెట్టు దగ్గర ఆగిపోయాను.

తడి. పద్నాలుగు, పదిహేను కూడా తడి. గట్టు చెక్కుచెదరలేదు. బెరడు మీద ఒక్క చుక్క బురద లేదు. పాదు అంచుల్లోకి నీళ్ళు నెమ్మదిగా వదిలి, నిండాక పారతో మట్టి సర్దినట్టు తెలుస్తోంది. వంగి వేలు పెట్టి చూశాను. పైన ఒక పొర ఆరింది గాని లోపల చల్లగా ఉంది.

మూడెనిమిదులు ఇరవై నాలుగు. ఆరింటికి మొదలుపెడితే ఆరున్నరకు కాస్త ముందే మూడు పాదులు పూర్తవుతాయి. కడుపునొప్పి ఆపుకోలేని మనిషి గొట్టం అక్కడే వదిలేసి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఇంకొకరు వచ్చారు. ఆ గొట్టాన్ని నీళ్ళతోనే ఇటు దాకా ఈడ్చుకొచ్చి, మోటారు పక్క నుంచి మొదలుపెట్టారు.

ఎండ నెత్తిన పడుతున్నా ఒక్క పరుగున పక్కింటికి వెళ్ళాను.

గడియారాలాయన వసారాలో కిటికీ వెలుగుకి ఎదురుగా కూర్చుని, కంటికి అద్దం తగిలించుకుని ఎవరిదో గడియారం బాగుచేస్తున్నాడు. చుట్టూ ఇరవై గడియారాలు, అన్నీ కీ ఇచ్చేవే.

"మోటారు చప్పుడు ఎప్పుడు విన్నారు?"

"ఎన్నో చప్పుడు?"

 "ఎన్ని విన్నారు?"

"రెండు. ఆరూ రెండుకి మొదలై ఆరూ ఇరవై ఏడుకి ఆగింది. మళ్ళీ ఏడూ రెండుకి మొదలై ఏడూ యాభైకి ఆగింది."

"ఇన్‌స్పెక్టరుకి ఒకటే చెప్పారట కదా?"

"ఆయన ఏడు తర్వాత ఏం విన్నారు అని అడిగాడు. ఏడు తర్వాతది చెప్పాను. అడగనిది చెప్పడానికి నాకేం పనిలేదా?"

"కంచె మీంచి చూసింది తోటమాలినేనా?"

"టోపీని చూశాను. వీపు చూశాను. మొహం చూశానని నేనెక్కడ అన్నాను?"

"సరే. ఏడూ యాభైకి మోటారు ఎందుకు ఆగింది?"

"ఏమో మరి. కరెంటు పోయినా నాకు తెలియదు, దానితో నాకు పనేముంది? అతను మోటారు కట్టేశాడనుకున్నాను."

అప్పుడు పడింది మేనల్లుడి మాట నా మనసున. నెత్తి మీద మొట్టినట్టు పడింది. రోడ్డు మీదికి వచ్చేసరికి లైన్‌మన్ ఇంకో మనిషి సాయంతో గేటు ముందున్న ఆ కొమ్మను లాగుతున్నాడు.

"ఏమయ్యా, ఇది ఎప్పుడు కొట్టారు?"

"పొద్దున్నే సార్. తీగకు తగులుతోందని ఈ ఒక్క వీధికి లైను ఆపాను. ఏడూ యాభై నుంచి ఎనిమిదీ పది దాకా. ఇప్పుడు తీరింది లాగడానికి."

"ఊరంతా పోలేదా?"

"ఊరంతా ఎందుకు పోతుంది సార్? ఈ వీధివాళ్ళకి కూడా సగంమందికి తెలిసుండదు."

పన్నెండుంబావుకి మళ్ళీ వసారాలో మా బావమరిది ముందు నిలబడ్డాను. చెప్పిందంతా విన్నాడు. వినేటప్పుడు కలంతో బల్ల మీద కొడుతూనే ఉన్నాడు.

"తోటమాలే రెండు వైపుల నుంచీ పెట్టుంటాడు."

"పదిహేనేళ్ళుగా చివరి నుంచి వచ్చేవాడు ఈరోజే ఎందుకు మారతాడు? తన నారు తానే ఎందుకు తొక్కుకుంటాడు?"

"హత్య చేశాననుకున్నవాడు నారు చూసుకుంటాడా?"

"అలాగే అనుకో. మరి తొమ్మిదింటికి బస్సు దిగినవాడికి ఏడూ యాభైకి ఈ వీధిలో కరెంటు పోయిందని ఎవరు చెప్పారు?"

"మీకు ఈ ఊళ్ళో అందరి మీదా జాలే బావగారూ. నా చేతిలో కేసు చెడగొట్టాలని ఉందా? పైవాళ్ళకి ఏం చెప్పమంటారు, మా బావ నేల తడిమి చూశాడనా?"

"చెప్పు. ఆ నేల నువ్వు తడమలేదని కూడా చెప్పు."

కానిస్టేబుల్ ఈసారి నవ్వలేదు. మా వాడు లేచి నిలబడ్డాడు. నన్ను బయటికి పొమ్మంటాడనే అనుకున్నాను. అనలేదు. ఫైలు తెరిచి ఆ బస్సు టిక్కెట్టు తీశాడు. తిప్పి చూశాడు. వాడి చెవులు నెమ్మదిగా ఎరుపెక్కాయి. మా ఆవిడకీ తప్పు చేసినప్పుడు అలాగే అవుతుంది.

"తొమ్మిది గంటల బస్సుదే," అన్నాడు గొంతు తగ్గించి. "కానీ పట్నంలో ఎక్కింది కాదు. మన ఊరికి ముందు స్టేజీలో ఎక్కింది. రెండు మైళ్ళు. టిక్కెట్టు ఉందా లేదా అని చూశాను గాని ఎక్కడిదని చూడలేదు."

పొద్దున మొదటి బస్సులో వచ్చాడు. స్థలం గురించి గొడవపడ్డాడు, తోశాడు, చచ్చిపోయిందనుకున్నాడు. తోటమాలి ఇంకా పనిలో ఉన్నాడని పక్కవాళ్ళు అనుకోవాలని టోపీ పెట్టుకుని నీళ్ళు పెట్టాడు, స్టోరు గదిలోని అతని తువ్వాలు ఆవిడ పక్కన పడేశాడు. కరెంటు పోగానే వెనక కంచె దాటి రెండు మైళ్ళు నడిచివెళ్ళి, బస్సెక్కి, మళ్ళీ ఊళ్ళో దిగాడు.

అదే నిమిషాన ముందు గదిలో ఫోను మోగింది. కానిస్టేబుల్ ఎత్తి, విని, మా వైపు తిరిగాడు.

"సార్, టీచరమ్మగారు కళ్ళు తెరిచారట. మేనల్లుడుగారు పట్నంలో పెద్దాస్పత్రికి తీసుకుపోతానని అద్దె వ్యాను పిలిపించాడట. స్ట్రెచర్ ఎక్కిస్తున్నారు. తోడు ఎవరూ వద్దన్నాడట."

మా వాడు టోపీ మరిచిపోయి పరిగెత్తాడు. నేను వాడి టోపీ పట్టుకుని వెనకాల పరిగెత్తాను.

జీపు గోతుల్లో పడి లేస్తోంది. ఇనుప కడ్డీ పట్టుకుని లోపల్లోపల దేవుణ్ణి తలుచుకుంటున్నాను. పట్నం దాకా మూడు గంటల దారి, మధ్యలో మనిషి కనబడని చోట్లు ఎన్నో.

"తోటమాలి మీద మీకెందుకు ఇంత పట్టుదల?" అన్నాడు మా వాడు, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

చెప్పాను. ఇరవై రెండేళ్ళ కిందట కోర్టు గుమాస్తా సైకిలు పోయింది. అనుమానం మీద తోటమాలిని తీసుకొచ్చి స్టేషను నేల మీద ఒకటిన్నర రోజు కూర్చోబెట్టాను. నీళ్ళడిగితే తర్వాత అన్నాను. సైకిలు గుమాస్తా అల్లుడింట్లో ఉంది, అడక్కుండా తీసుకెళ్ళాడు. తోటమాలితో "ఇక పో" అన్నాను. అంతే. తప్పు నాదని అనలేదు. ఆ తర్వాత దారిలో ఎన్నోసార్లు ఎదురయ్యాడు. ప్రతిసారీ ఆగి దణ్ణం పెట్టేవాడు. ప్రతిసారీ నా నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

మా వాడు గేరు మార్చాడు. జీపు ఇంకా వేగంగా తోలాడు.

ఆస్పత్రి మెట్ల ముందు వ్యాను తలుపు తెరిచి ఉంది. స్ట్రెచర్ సగం లోపలికి వెళ్ళింది. జీపు వ్యానుకి అడ్డంగా ఆగింది.

"ఆపండి!" అన్నాడు మా వాడు.

మేనల్లుడు తిరిగి చూశాడు. "ఆలస్యం చేయకండి ఇన్‌స్పెక్టరుగారూ, ప్రాణం మీదికి వచ్చింది."

"ఎవరి ప్రాణం మీదికో చూద్దాం."

నేను స్ట్రెచర్ దగ్గరికి వెళ్ళాను. టీచరమ్మ తలకు కట్టు కట్టి ఉంది. కళ్ళు అలిసిపోయి ఉన్నాయి గాని చూపు బడిలో ఉన్నట్టే ఉంది. నన్ను గుర్తుపట్టింది. పెదాలు కదిలాయి. వంగి చెవి పెట్టాను.

"తోటమాలికి కడుపునొప్పి తగ్గిందా? ఇంటికి పో, పడుకో అని నేనే పంపాను."

ఆ మాట ఇన్‌స్పెక్టరుకీ వినబడింది, నర్సుకీ వినబడింది. మేనల్లుడికీ వినబడింది. అతని చేయి వ్యాను తలుపు మీద నుంచి జారిపోయింది.

ఆవిడ అతని వైపు చూడలేదు. "నేను పట్నం వెళ్ళను," అంది. "వీడితో అసలే వెళ్ళను. పొద్దున తోసినవాడు ఇప్పుడు మోసుకెళతానంటే నేనెలా నమ్మాలి?"

"అత్తయ్యా, నేను కావాలని..." అన్నాడు.  మెట్ల మీద కూలబడ్డాడు. పొద్దుటి నుంచి అతను కూర్చోవడం అదే మొదలు.

మా బావమరిది నా చేతిలోంచి టోపీ తీసుకుని పెట్టుకున్నాడు. జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు గీకి నాకిచ్చాడు. "స్టేషనుకి వెళ్ళండి బావగారూ. ఒంటిగంటకి ఐదు నిమిషాలే ఉంది. డ్రైవరు నాకంటే తొందరపాటు మనిషి."

ఆస్పత్రి నుంచి స్టేషను రెండు వీధులే. జీపు కోసం ఆగలేదు. నా వయసుకి అది పరుగనాలో నడకనాలో తెలియదు. చేరేసరికి బండి ఇంజను ఆన్ చేసి ఉంది. తోటమాలిని వెనక సీట్లో కూర్చోబెట్టారు. రెండు చేతులూ పొట్ట మీద ఉన్నాయి. భార్య బండి తలుపు పట్టుకుని వదలడం లేదు.

కాగితం చూపించాను. డ్రైవరు రెండుసార్లు చదివి ఇంజను ఆపాడు. తోటమాలి దిగాడు. నేల మీద కాలు పెట్టి, ఎటు వెళ్ళాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"ఇక ఇంటికి వెళ్ళొచ్చు. టీచరమ్మ కళ్ళు తెరిచింది, నీ సంగతి చెప్పింది," అన్నాను.

అతను తల ఊపాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయాసం తగ్గేదాకా ఆగుదామనుకున్నాను. ఆగితే మళ్ళీ ఇరవై రెండేళ్ళు పడుతుందని అనిపించింది.

"ఆ రోజు సైకిలు విషయంలో తప్పు నాది," అన్నాను. డ్రైవరు, కానిస్టేబుళ్ళు అందరూ వింటున్నారు. "నీళ్ళు కూడా ఇవ్వలేదు నీకు. నన్ను క్షమించు."

అతను నా మొహంలోకి చూశాడు.

"మీకు గుర్తుందా హెడ్డుగారూ?"

"నీకు లేదా?"

"లేకేం. ఎదురైనప్పుడల్లా ఆగి దణ్ణం ఎందుకు పెట్టాననుకున్నారు? మీకు గుర్తుచేద్దామనే."

 అతను అలవాటు కొద్దీ చేతులు ఎత్తబోయి, మధ్యలో ఆపి, కిందికి దించేశాడు.

"ఇక పెట్టన్లెండి," అని, పొట్ట పట్టుకుని భార్య పక్కనే నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.